సెట్‌టాప్ బాక్స్ వేడెక్కితే తప్పు బాక్స్‌దా, పెట్టిన చోటుదా?

క్లుప్తంగా: ఇంట్లో వాడే సెట్‌టాప్ బాక్స్ పుట్టించే వేడి నిజానికి కొద్దిపాటిదే. సాధారణ హెచ్‌డీ బాక్స్ తీసుకునే కరెంటు 10 వాట్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ కాస్త వేడి బయటికి పోయే దారి మూసుకుపోవడంతోనే ఇబ్బంది మొదలవుతుంది. తలుపులున్న టీవీ యూనిట్, బాక్స్ మీద కప్పిన గుడ్డ, ఒకదానిపై ఒకటి పేర్చిన పరికరాలు, రంధ్రాల్లో పేరుకున్న దుమ్ము, రాత్రంతా ఆగని స్టాండ్‌బై దీనికి ముఖ్య కారణాలు. వీటిని సరిచేస్తే చాలా ఇళ్లలో ఫ్యాన్ అవసరమే రాదు.

టీవీ చూస్తుండగా బొమ్మ ఉన్నట్టుండి ఆగిపోతుంది. రిమోట్ ఎన్నిసార్లు నొక్కినా చానల్ మారదు. కాసేపటికి బాక్స్ దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. దాని మీద చెయ్యి పెట్టి చూస్తే సెగ తగులుతుంది. ఇలాంటప్పుడు ఎక్కువమంది సిగ్నల్ పోయిందనో, బాక్స్ పాతదైపోయిందనో అనుకుంటారు. కంప్లయింట్ ఇస్తారు, మెకానిక్ వచ్చి కేబుల్ మారుస్తాడు, రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. అసలు కారణం వేడి అయినప్పుడు కేబుల్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. వేడి ఎక్కడ పుడుతోంది, ఎలా బయటికి పోవాలి, ఎక్కడ ఆగిపోతోంది అన్న మూడు విషయాలు తెలిస్తే ఈ టెన్షన్ చాలావరకు తప్పుతుంది.

## వేడి ఎక్కడ పుడుతుంది

బాక్స్‌లోకి వెళ్లిన కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే మారుతుంది. హెచ్‌డీఎంఐ వైరు గుండా టీవీకి వెళ్లే బొమ్మ, ధ్వని మోసుకెళ్లే శక్తి లెక్కలోకి రానంత తక్కువ. అంటే 10 వాట్ల బాక్స్ అంటే 10 వాట్ల చిన్న హీటర్ అన్నట్టే. వినడానికి ఇది పెద్ద అంకె కాదు. కానీ 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు గంటసేపు వెలిగాక దాని మెడ దగ్గర పట్టుకుంటే ఎంత కాలుతుందో తెలిసిందే. అంతే వేడి ఒక ప్లాస్టిక్ డబ్బాలో రోజంతా పుడుతూ ఉంటుంది.

ఇందులో పెద్ద వాటా మెయిన్ చిప్‌ది. కుదించి పంపిన వీడియోను విప్పి బొమ్మగా మార్చే పని దానిదే. ఆయా వీడియో పద్ధతుల కోసం చిప్‌లో ప్రత్యేకమైన భాగం ఉంటే ఈ పని తక్కువ కరెంటుతో అయిపోతుంది. లేనప్పుడు మామూలు ప్రాసెసర్ తన బలంతోనే లెక్కలన్నీ చెయ్యాలి. పాత ఆండ్రాయిడ్ బాక్స్‌లో కొత్త తరహా 4కే వీడియో పెట్టినప్పుడు బొమ్మ తడబడడమూ, బాక్స్ కాలడమూ ఒకేసారి జరగడానికి కారణం ఇదే. 2018లో వచ్చిన ఏవీ1 అనే వీడియో కుదింపు పద్ధతి అంతకు ముందు తయారైన చిప్‌లకు తెలియదు కాబట్టి అలాంటి వీడియోలు వాటికి మోయలేని బరువు.

చిప్ తర్వాత ట్యూనర్ (చానల్ సిగ్నల్‌ను పట్టే భాగం), వోల్టేజీ తగ్గించే సర్క్యూట్లు వస్తాయి. డిష్ కనెక్షన్ ఉన్న బాక్స్‌కు ఇంకో పని కూడా ఉంది. డిష్ కొసన ఉండి, సిగ్నల్‌ను అందుకుని కేబుల్‌లోకి పంపే చిన్న పరికరం ఎల్‌ఎన్‌బీకి కరెంటు పంపేది ఈ బాక్సే. చూస్తున్న చానల్‌ను బట్టి అది 13 వోల్టులు గానీ 18 వోల్టులు గానీ అదే కేబుల్ ద్వారా పైకి పంపుతుంది. డాబా మీద కనెక్టర్‌లోకి నీళ్లు దిగినా, కేబుల్ లోపలి తీగ పైనున్న జాలీకి తగిలినా ఆ సర్క్యూట్ మీద భారం పెరుగుతుంది. బాక్స్ వెనక, కేబుల్ బిగించే చోటే ఎక్కువగా కాలుతుంటే ఒకసారి ఈ వైపు కూడా చూడాలి.

రికార్డింగ్ సదుపాయం ఉన్న బాక్సుల్లో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే అది అదనంగా మరికొన్ని వాట్లు తీసుకుంటుంది. అలాంటి పాత బాక్సులు మొత్తమ్మీద 20 వాట్లు దాటడం మామూలే. వాటిలో కొన్నిటికి లోపల చిన్న ఫ్యాన్ కూడా ఉంటుంది.

## గాలి తనంతట తానే చేసే పని

చాలా బాక్సులకు ఫ్యాన్ ఉండదు. ఫ్యాన్ పెడితే చప్పుడు, దుమ్ము, కొన్నేళ్లకు దాని బేరింగు అరగడం తప్పవు. అందుకే తయారీదారులు గాలి స్వభావాన్నే నమ్ముకుంటారు. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, దాని చోటులోకి కింది నుంచి చల్లటి గాలి వస్తుంది. బాక్స్ అడుగున, పక్కల, పైన సన్నటి చీలికలు ఉండేది ఇందుకే. అడుగున ఉండే నాలుగు రబ్బరు కాళ్లు కూడా బాక్స్ జారకుండా ఉండడానికి మాత్రమే కాదు. అవి బాక్స్‌ను కొన్ని మిల్లీమీటర్లు పైకి లేపి, కింది రంధ్రాలకు గాలి అందేలా చూస్తాయి. ఒక కాలు ఊడిపోయినా, బాక్స్‌ను మెత్తటి గుడ్డ మీదో, పరుపు మీదో పెట్టినా ఆ సందు మూసుకుపోతుంది.

ఈ పద్ధతికి ఎంత గాలి కావాలి? 10 వాట్ల వేడిని, గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మాత్రమే పెరిగేలా మోసుకుపోవాలంటే సెకనుకు ఒక లీటరు కన్నా కాస్త తక్కువ గాలి చాలు. చాలా చిన్న ప్రవాహం అది. కానీ దాన్ని నెట్టే శక్తి కూడా అంత చిన్నదే. ఊదితే ఎగిరే దుమ్ము పొర, పైన పడేసిన న్యూస్‌పేపర్ దాన్ని ఆపడానికి సరిపోతాయి.

ఒక అంచనా లెక్క వేసి చూడవచ్చు. 20 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 4 ఎత్తు ఉన్న బాక్స్‌ను తీసుకుందాం. దాని పైభాగం 300 చదరపు సెంటీమీటర్లు, అడుగు మరో 300, నాలుగు పక్కలు కలిపి 280. మొత్తం 880. కదలని గాలిలో ఒక చదరపు మీటరు ఉపరితలం, చుట్టూ ఉన్న గాలి కన్నా ప్రతి డిగ్రీ ఎక్కువ వేడికి సుమారు 10 వాట్లు వదులుతుంది. ఈ లెక్కన అన్ని వైపులా గాలి ఆడే బాక్స్ పైతొడుగు గది కన్నా సగటున 11 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. అదే బాక్స్‌ను చదునుగా చెక్కకు ఆనించి, పైన ఇంకో పరికరం పెడితే ఇక మిగిలేది పక్కలు మాత్రమే. అప్పుడు తేడా 36 డిగ్రీల దాకా వెళ్లవచ్చు. గదిలో 32 డిగ్రీలు ఉంటే మొదటి బాక్స్ తొడుగు 43 దగ్గర, రెండోది 68 దగ్గర ఆగుతుంది. లోపలి చిప్ దీనికన్నా ఇంకా చాలా వేడిగా ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ బాక్స్ ఒకటే, కరెంటు ఒకటే. మారింది పెట్టిన తీరు.

## తలుపులున్న అరలో ఏం జరుగుతుంది

అన్ని కారణాల్లోకీ దీన్నే ముందు చెప్పుకోవాలి. టీవీ కింద అందంగా అమర్చిన చెక్క యూనిట్, దానికి గాజు తలుపులు, లోపల సెట్‌టాప్ బాక్స్, పక్కనే వైఫై రూటర్, కొన్నిచోట్ల సౌండ్ సిస్టమ్ ఆంప్లిఫయర్ కూడా. వైర్లు కనపడవు, దుమ్ము తక్కువ పడుతుంది, పిల్లల చేతికి అందదు. చూడ్డానికి బాగుంటుంది. బాక్స్‌కు మాత్రం అది ఊపిరాడని గది.

బాక్సుతో వచ్చే పుస్తకంలో చాలాసార్లు వాడదగిన ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు అని రాసి ఉంటుంది. దీన్ని గది ఉష్ణోగ్రతగా అర్థం చేసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. అది బాక్స్‌కు ఆనుకుని ఉన్న గాలి ఉష్ణోగ్రత. బాక్స్ అరలో ఉంటే అర లోపలి గాలినే లెక్కలోకి తీసుకోవాలి. రెండు మూడు పరికరాలు కలిసి 25 వాట్లు వదులుతుంటే, మూసిన మామూలు చెక్క అరలో గాలి గది కన్నా 10 డిగ్రీల అటూ ఇటూగా ఎక్కువ వేడెక్కుతుంది. చెక్క వేడిని అంత సులువుగా బయటికి వదలదు. అల్యూమినియంతో పోలిస్తే దాని ఉష్ణవాహకత వెయ్యి రెట్లకు పైగా తక్కువ. గదిలో 35 డిగ్రీలు ఉన్న రోజున అరలో 45 ఉంటుందన్నమాట. బాక్స్‌లో ఏ లోపమూ లేకపోయినా అది అప్పటికే తన హద్దు దాటిపోయింది.

చాలా యూనిట్లలో వెనక వైర్ల కోసం ఒక గుండ్రటి కన్నం ఉంటుంది. అదే గాలికి కూడా సరిపోతుందనుకుంటారు. ఒకే ఒక్క కన్నం ఉంటే వేడి గాలి బయటికి పోవడం, చల్లటి గాలి లోపలికి రావడం రెండూ అక్కడే జరగాలి, ఒకదానికొకటి అడ్డుపడతాయి. పైగా ఆ కన్నంలో సగం వైర్లే నిండి ఉంటాయి. అర అడుగు దగ్గర ఒకటి, పైభాగం దగ్గర ఒకటి, ఇలా రెండు కన్నాలు ఉన్నప్పుడే గాలి కింద నుంచి పైకి ప్రవహిస్తుంది. కింద దారి లేని పొయ్యి గొట్టం పొగను లాగలేదు. ఇక్కడ జరిగేదీ అదే.

గోడకు బిగించిన టీవీ వెనకాల బాక్స్‌ను దాచడం ఈమధ్య ఎక్కువైంది. పెద్ద టీవీ 100 వాట్లు, అంతకు మించి కూడా తీసుకోవచ్చు, ఆ వేడి దాని వెనక నుంచి పైకి లేస్తుంది. బాక్స్‌ను టీవీ వెనక పైఅంచు దగ్గర అంటిస్తే ఆ వేడి గాలి నేరుగా దాని మీదుగా పోతుంది. తప్పనిసరైతే కింది అంచు దగ్గర, టీవీకీ బాక్స్‌కూ మధ్య సందు ఉండేలా పెట్టడం మేలు. హెచ్‌డీఎంఐ పోర్టులోకే గుచ్చే చిన్న స్ట్రీమింగ్ స్టిక్‌లకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. వాటి ఒళ్లే చిన్నది, వేడిని వదిలే చోటు తక్కువ. వాటితోపాటు పెట్టెలో వచ్చే జానెడు పొడవు హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ వైరును చాలామంది పక్కన పడేస్తారు. స్టిక్‌ను టీవీ ఒంటి నుంచి కాస్త దూరంగా వేలాడదీయడానికి కూడా అది పనికొస్తుంది.

ఎండ సంగతీ ఉంది. నడినెత్తి ఎండలో ఒక చదరపు మీటరు మీద సుమారు 1,000 వాట్ల శక్తి పడుతుంది. పైన లెక్క వేసిన బాక్స్ పైభాగం మీద అది 30 వాట్లు. అంటే బాక్స్ తనంతట తాను పుట్టించే వేడికి మూడు రెట్లు. కిటికీ అద్దం, ఎండ వాలు కొంత తగ్గించినా, నల్లటి ప్లాస్టిక్ పడిన దాంట్లో ఎక్కువ భాగం పీల్చుకుంటుంది. మధ్యాహ్నం మూడింటికి మాత్రమే ఆగిపోయే బాక్స్ ఉంటే ఆ వేళకు ఎండ ఎక్కడ పడుతోందో చూడాలి.

## ఎర్ర లైటు వెలుగుతున్నా పని ఆగదు

రిమోట్‌తో ఆఫ్ చేస్తే పచ్చ లైటు పోయి ఎర్ర లైటు వస్తుంది. బాక్స్ నిద్రపోయిందని అనుకుంటాం. నిజానికి చాలా పాత బాక్సుల్లో ఆఫ్ చేసినప్పుడు ఆగేది టీవీకి పోయే బొమ్మ మాత్రమే. ట్యూనర్ సిగ్నల్ పట్టుకునే ఉంటుంది. చందా వివరాలు, చానళ్ల జాబితా, ప్రోగ్రాం గైడ్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. హార్డ్ డిస్క్ ఉంటే అదీ తిరుగుతూనే ఉంటుంది.

దీని మీద అమెరికాలో ఎన్ఆర్‌డీసీ అనే పర్యావరణ సంస్థ 2011లో ఒక అధ్యయనం విడుదల చేసింది. 2010లో ఆ దేశంలోని సెట్‌టాప్ బాక్సులు సుమారు 2,700 కోట్ల యూనిట్ల కరెంటు వాడాయనీ, అందులో మూడింట రెండు వంతులు ఎవరూ టీవీ చూడని, రికార్డింగ్ కూడా జరగని సమయంలోనే ఖర్చయిందనీ అది తేల్చింది. ఆ తర్వాత అక్కడి పే టీవీ కంపెనీలు, తయారీదారులు వాడకం తగ్గించేందుకు 2012 చివర్లో స్వచ్ఛందంగా ఒక ఒప్పందానికి వచ్చారు. కొత్త బాక్సుల్లో పరిస్థితి మెరుగే. కానీ సెట్టింగ్స్‌లో పవర్ సేవింగ్ లేదా డీప్ స్టాండ్‌బై ఉండి కూడా అది ఆన్ చెయ్యకుండా వదిలేసినవి చాలా ఉంటాయి. మళ్లీ ఆన్ చేసినప్పుడు బొమ్మ రావడానికి ఒక నిమిషం పడుతుందన్న ఒక్క ఇబ్బంది తప్ప ఆ సెట్టింగ్ వల్ల నష్టం లేదు.

ఆ సెట్టింగ్ లేని బాక్స్‌ను రాత్రి పడుకునే ముందు స్విచ్ దగ్గరే ఆపడం మంచిదా అన్న ప్రశ్న వస్తుంది. రోజుకు ఒకసారి ఆపి, మళ్లీ వెయ్యడం వల్ల నష్టం జరగదు, ఎనిమిది గంటలు చల్లబడే అవకాశం దొరుకుతుంది. అయితే రాత్రి రికార్డింగ్ పెట్టుకునే వాళ్లకు ఇది కుదరదు. అప్‌డేట్లు సాధారణంగా అర్ధరాత్రి దాటాకే వస్తాయి కాబట్టి వారానికి ఒకటి రెండు రాత్రులు వదిలేయడం అవసరం. అప్‌డేట్ జరుగుతుండగా స్విచ్ ఆపితే బాక్స్ అసలుకే మొరాయించే ప్రమాదం ఉంది. స్క్రీన్ మీద ఆ సంగతి కనిపిస్తే అది ముగిసేదాకా ముట్టుకోకూడదు.

## లోపల మెల్లగా జరిగే నష్టం

వేడి బాక్స్‌ను ఒక్కరోజులో చంపదు. చిప్ తనను తాను కాపాడుకుంటుంది. ఒక హద్దు దాటగానే వేగం తగ్గించుకుంటుంది. రిమోట్‌కు ఆలస్యంగా పలకడం, మెనూ నత్తనడక నడవడం అప్పుడే మొదలవుతాయి. ఇంకా పెరిగితే ఆగిపోయి రీస్టార్ట్ అవుతుంది. చల్లబడ్డాక మామూలుగానే పనిచేస్తుంది. అసలు నష్టం చిప్ పక్కన, ఎవరూ పట్టించుకోని కెపాసిటర్లలో జరుగుతుంది.

బాక్స్‌లోనూ, దాని అడాప్టర్‌లోనూ చిన్న గొట్టాల్లా నిలబడి ఉండే భాగాలను ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు అంటారు. వాటి లోపల ఒక ద్రవం ఉంటుంది. కరెంటులోని ఎగుడుదిగుళ్లను చదును చేసేది ఇవే. వేడికి ఆ ద్రవం కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1889లో ఇచ్చిన సూత్రం ఆధారంగా ఇంజినీర్లు ఒక మోటు లెక్క వాడతారు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు రెట్టింపు, 10 డిగ్రీలు పెరిగితే సగం. కెపాసిటర్ ఒంటి మీద 105 డిగ్రీలు అని రాసి ఉండి, ఆ వేడిలో 2,000 గంటలు పనిచేస్తుందని తయారీదారు హామీ ఇచ్చాడనుకుందాం. అదే కెపాసిటర్ 75 డిగ్రీల దగ్గర 16,000 గంటలు నిలుస్తుంది. రాత్రింబవళ్లూ నడిస్తే అది రెండేళ్లకు కూడా చాలదు. 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు, అంటే మూడున్నరేళ్లు పైన. 55 దగ్గర 64,000 గంటలు, ఏడేళ్లు దాటుతుంది. అరలోంచి తీసి బల్ల మీద పెట్టడం వల్ల 20 డిగ్రీల తేడా వస్తే దానికి విలువ ఎంతో ఈ అంకెల్లోనే కనిపిస్తుంది.

చెడిపోయిన కెపాసిటర్‌ను కంటితో గుర్తుపట్టవచ్చు. బాగున్నదాని నెత్తి నాణెంలా చదునుగా, మెరుస్తూ ఉంటుంది. దాని మీద కూడిక గుర్తు లాంటి గీత గీసి ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగితే పగిలిపోకుండా ఆ గీత వెంబడి తెరుచుకోవాలని తయారీలోనే అలా పెడతారు. వేడికి దెబ్బతిన్నదాని నెత్తి పూరీలా ఉబ్బుతుంది. కొన్నిసార్లు ఆ గీత దగ్గర గోధుమ రంగులో తడి ఎండిన మరక కనిపిస్తుంది. దాని చుట్టూ బోర్డు రంగు కూడా మారి ఉంటే ఆ బాక్స్ చాలాకాలం వేడిలో నలిగిందని అర్థం.

హార్డ్ డిస్క్ విషయంలో మాత్రం కాస్త నిదానంగా ఆలోచించాలి. మామూలు డిస్కులకు 60 డిగ్రీలు పైహద్దుగా చెబుతారు. అయితే లక్షకు పైగా డిస్కుల మీద గూగుల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఉష్ణోగ్రతకూ డిస్క్ చెడిపోవడానికీ అందరూ అనుకున్నంత గట్టి సంబంధం కనిపించలేదు. బాగా ఎక్కువ వేడిలో, అదీ పాతబడిన డిస్కుల్లోనే తేడా స్పష్టంగా తెలిసింది. కాబట్టి మూడేళ్లు దాటిన రికార్డింగ్ బాక్స్ మూసిన అరలో ఉంటే అందులో దాచుకున్న రికార్డింగ్‌ల మీద ఆశ పెట్టుకోవడం ప్రమాదం.

## వేడా, సిగ్నలా: తేల్చుకోవడం ఎలా

రెండిటికీ లక్షణాలు ఒకేలా కనిపిస్తాయి. బొమ్మ గళ్లు గళ్లుగా విరగడం, ఆగడం, మాట తెగడం. తేడా అంతా సమయంలో ఉంటుంది. వర్షం, మబ్బు వచ్చినప్పుడు పోయి, తెరిపి ఇవ్వగానే తిరిగొస్తే అది సిగ్నల్. కొన్ని చానళ్లు మాత్రమే పోయి మిగతావి బాగుంటే కూడా చాలాసార్లు సిగ్నలే. ఆన్ చేసిన గంటకో రెండు గంటలకో మొదలై, ఏ చానల్ పెట్టినా అలాగే ఉండి, అరగంట ఆపితే సర్దుకుని, మళ్లీ అంతే సమయానికి తిరిగొస్తే వేడిని అనుమానించాలి. సిగ్నల్ లోపం వల్ల బాక్స్ తనంతట తాను రీస్టార్ట్ కావడం అరుదు.

తేల్చే పరీక్ష చాలా సులువు. బాక్స్‌ను అరలోంచి తీసి, రెండు రోజులు బల్ల మీద, నాలుగు వైపులా ఖాళీ ఉంచి నడపాలి. ఇంకేమీ మార్చకూడదు. ఇబ్బంది మాయమైతే జవాబు దొరికినట్టే. కంప్లయింట్ ఇచ్చే ముందు ఈ పని చేస్తే డబ్బూ, మెకానిక్ కోసం ఎదురుచూసే రోజులూ మిగులుతాయి.

చేతి అంచనాను మాత్రం పూర్తిగా నమ్మకూడదు. ఒకే వేడిలో ఉన్న లోహం, ప్లాస్టిక్ రెండూ ముట్టుకుంటే లోహమే ఎక్కువ కాలినట్టు అనిపిస్తుంది. అది వేడిని చేతిలోకి గబగబా పంపుతుంది కాబట్టి. రేకు తొడుగు ఉన్న బాక్స్ వేడిగా తగిలితే అది లోపలి వేడిని బాగా బయటికి వదులుతోందని కూడా అర్థం కావచ్చు. ప్లాస్టిక్ బాక్స్ గోరువెచ్చగా ఉన్నంత మాత్రాన లోపల చల్లగా ఉందని కాదు. చెయ్యి మూడు నాలుగు సెకన్లకు మించి ఆనించలేకపోతే మాత్రం ఏ బాక్స్ అయినా ఆలోచించాల్సిందే.

## ముందు చోటు, తర్వాత దుమ్ము, చివరికి ఫ్యాన్

ఈ వరుస ముఖ్యం. చాలామంది నేరుగా ఫ్యాన్ కొంటారు. తలుపులు మూసిన అరలో ఫ్యాన్ పెడితే అది ఉన్న వేడి గాలినే తిప్పుతూ, తన వంతు వేడి కూడా కలుపుతుంది.

బాక్స్‌కు పైన, వెనక, పక్కల కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. పైన ఏదీ పెట్టకూడదు. రిమోట్ పెట్టినా ఫరవాలేదు గానీ రూటర్, డీవీడీ ప్లేయర్, అల్లిన గుడ్డ, పూలకుండీ వద్దు. రెండు పరికరాలు ఒకే అరలో పెట్టక తప్పకపోతే పక్కపక్కన పెట్టాలి. పైనా కిందా పెట్టాల్సి వస్తే ఎక్కువ వేడెక్కేది పైన ఉండాలి, అప్పుడు దాని సెగ ఇంకోదానికి తగలదు. అడ్డంగా పడుకోబెట్టడానికి చేసిన బాక్స్‌ను నిలబెడితే రంధ్రాల వరుస మారిపోయి గాలి దారి తప్పుతుంది. తలుపులున్న యూనిట్ తప్ప వేరే చోటు లేకపోతే వెనక పలకను తీసేయడం అన్నిటికన్నా బాగా పనిచేసే ఉపాయం. అదీ కుదరకపోతే టీవీ నడుస్తున్నంతసేపూ తలుపు తెరిచి ఉంచినా చాలా తేడా కనిపిస్తుంది.

ఇక దుమ్ము. ఏడాది పాటు కదపని బాక్స్‌ను తీసి వెలుతురులో పట్టుకుంటే పై చీలికల మీద బూడిద రంగు నూగు పరుచుకుని కనిపిస్తుంది. వేలితో రాస్తే ముద్దగా లేస్తుంది. నిజమైన అడ్డం దాని కింద, చీలికల అంచుల్లో ఉంటుంది. దుమ్ము, వెంట్రుకలు, దారప్పోగులు కలిసి ఒక జల్లెడ అల్లుకుంటాయి. ఆ జల్లెడలో చిక్కుకున్న గాలి కదలదు, కదలని గాలి వేడిని మోయదు. కంబళి వెచ్చగా ఉంచేది కూడా ఈ సూత్రం మీదే. రెండు మూడు నెలలకు ఒకసారి కరెంటు తీసేసి, పొడి మెత్తటి బ్రష్‌తో చీలికల వెంబడి దులిపితే చాలు. తడిగుడ్డ పెట్టకూడదు. నోటితో ఊదితే దుమ్ము లోపలికే పోతుంది, ఉమ్మి తడి కూడా తోడవుతుంది. బొద్దింకలు, చీమలు వెచ్చదనానికి చేరతాయి కాబట్టి అడుగు రంధ్రాలు కూడా తిప్పి చూడాలి.

ఇవన్నీ చేశాక కూడా గది వేడి వల్ల అవసరమైతే అప్పుడు ఫ్యాన్. యూఎస్‌బీతో నడిచే 80 లేదా 120 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్ సుమారు ఒక వాటు తీసుకుంటుంది. పైన చెప్పినట్టు 10 వాట్ల బాక్స్‌కు కావాల్సింది సెకనుకు ఒక లీటరు లోపు గాలే, అలాంటి ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా దానికి చాలా రెట్లు తోస్తుంది. కాబట్టి చప్పుడు చేసే వేగం అక్కర్లేదు. వేడి గాలి సహజంగా వెళ్లే దిక్కులోనే అది తోయాలి. అర పైభాగంలోని కన్నం దగ్గర బయటికి ఊదేలా గానీ, బాక్స్ అడుగు నుంచి పైకి ఊదేలా గానీ పెట్టాలి. పై నుంచి కిందికి బలంగా ఊదితే దుమ్ము లోపలికి దిగుతుంది. ఫ్యాన్‌కు కరెంటు బాక్స్ యూఎస్‌బీ పోర్టు నుంచి కాకుండా టీవీ పోర్టు నుంచి తీసుకుంటే బాక్స్ అడాప్టర్ మీద భారం పడదు, టీవీ ఆపగానే ఫ్యాన్ కూడా ఆగే వీలుంటుంది.

## తలపెట్టకూడని పనులు

చల్లబరచడానికి ఐస్ ప్యాక్, తడిగుడ్డ పెట్టడం, ఏసీ గాలి నేరుగా బాక్స్ మీదికి తిప్పడం వద్దు. చల్లటి తొడుగు మీద గాలిలోని తేమ నీటి చుక్కలుగా చేరి లోపలికి జారవచ్చు. మరిన్ని కన్నాలు పెడదామని తొడుగుకు డ్రిల్ వేస్తే రేకు పొడి బోర్డు మీద పడి షార్ట్ అవుతుంది. తొడుగు విప్పడం మరీ ప్రమాదం. కరెంటు వైరు నేరుగా బాక్స్‌లోకే వెళ్లే పాత రకాల్లో, 230 వోల్టుల సరఫరా ఉన్నచోట లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా అది కాసేపు నిలిచి ఉండవచ్చు. బాక్స్ అద్దెదో, కంపెనీదో అయితే సీలు తీసిన క్షణమే వారంటీ కూడా పోతుంది.

## అన్నీ సరిచేసినా కాలుతుంటే

అప్పుడు చూడాల్సింది అడాప్టర్. 12 వోల్టుల అడాప్టర్ కెపాసిటర్లు ఎండిపోతే అది సరిగ్గా 12 వోల్టులు ఇవ్వలేదు. వోల్టేజీ ఊగుతుంటే బాక్స్ రీస్టార్ట్ అవుతుంది, చూసేవాళ్లకు అది వేడి లక్షణంలాగే ఉంటుంది. అడాప్టర్ బాక్స్ కన్నా ఎక్కువ కాలడం, సన్నటి కీచుశబ్దం, ప్లాస్టిక్ మాడిన వాసన దీనికి గుర్తులు. వాసన వస్తే ఇంకేమీ ఆలోచించకుండా స్విచ్ ఆపి, దాన్ని మళ్లీ వాడకుండా పక్కన పెట్టాలి. కొత్తది తెచ్చేటప్పుడు వోల్టులు పాతదాని మీద రాసిన అంకెతో సరిగ్గా కలవాలి, పిన్ను లోపలి ప్లస్, మైనస్ గుర్తు కూడా కలవాలి. ఆంపియర్లు పాతదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండవచ్చు. 1.5 ఆంపియర్లు కావాల్సిన బాక్స్‌కు 1 ఆంపియర్ అడాప్టర్ తగిలిస్తే అది తన శక్తికి మించి పనిచేస్తూ వేడెక్కుతుంది. అడాప్టర్‌కు కూడా గాలి కావాలి. సోఫా వెనక, కార్పెట్ మీద, నాలుగైదు ప్లగ్గులు కిక్కిరిసిన ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఇరికిస్తే కొత్తది కూడా త్వరగానే పాడవుతుంది.

అడాప్టర్ మార్చినా, గాలి ఆడే చోట పెట్టినా, ఆన్ చేసిన అరగంటలోనే ఆగిపోతుంటే లోపలి భాగాలు దెబ్బతిన్నట్టే. అక్కడితో ఇంట్లో చేయగలిగింది అయిపోయింది. బాక్స్ మార్చమని అడగాలి. అడిగేటప్పుడు సిగ్నల్ రావడం లేదని కాకుండా, ఎంతసేపటికి ఆగుతోంది, ఎంతసేపు ఆపితే తిరిగి వస్తోంది, గాలి ఆడే చోట రెండు రోజులు నడిపినా తేడా లేదు అన్న వివరాలు చెబితే వచ్చే మనిషి మళ్లీ కేబుల్ మార్చి వెళ్లిపోయే అవకాశం తగ్గుతుంది. కొత్త బాక్స్ బిగించే రోజున, అతను టీవీ యూనిట్ తలుపు తెరిచి పాత చోటే పెట్టబోతే, వైరు ఇంకో అర మీటరు లాగి బయట పెట్టమని అప్పుడే చెప్పాలి.